కళ్ళు మూసుకొని వంద దాకా

మేకలు కబడ్డీ ఆడవు. మా పరిశోధనలో జరిగిన మొదటి పొరపాటు అదే. రెండో పొరపాటు పూర్తిగా నాది. మొదటి దాన్ని ఏ ప్రయోగశాలలోనైనా ఎవరైనా చేసి ఉండేవాళ్ళు. రెండో దాన్ని నేను తప్ప ఇంకెవరూ చేసేవాళ్ళు కారు. అందుకే ఇది నేనే రాస్తున్నాను.

నా పేరు సుగుణ. హైదరాబాదులో డాక్టర్ చక్రపాణి గారి ప్రయోగశాలలో పదమూడేళ్ళుగా పని చేస్తున్నాను. ఆటల్లో తెగిన లిగమెంటును కోత లేకుండా, కుట్టు లేకుండా ఒక్క సూదిమందుతో అతికించాలన్నది ఆయన పంతం. పదకొండేళ్ళు ఆ పంతం చుట్టూ గానుగెద్దుల్లా తిరిగాం. చివరికి సాధించాం. చిక్కటి జిగురులో పెంచిన కణాలవి. కీలులోకి ఎక్కిస్తే తెగిన కొసల్ని అవే వెతుక్కుని, ఈ కొస నుంచి ఆ కొసకు పోగులు వేసుకుంటూ పోతాయి. సూది వేసిన తొమ్మిదో రోజున మా మేక బెంచీ ఎక్కి నా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసింది. ఆ రోజు నేను అన్నం తినకపోయినా నాకు ఆకలి తెలియలేదు. మా నాన్న మగ్గం నేసేవాడు కాబట్టి మందుకు ‘అల్లిక’ అని పేరు పెట్టమన్నాను. పెట్టారు.

సరిగ్గా మనుషుల మీద వాడకానికి అనుమతి వచ్చిన నెలలోనే మా తమ్ముడు తిరుమలేశ్ మోకాలు పోయింది.

వాడు భువనగిరిలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ. కానీ అడిగినవాళ్ళకు మాత్రం కబడ్డీ ప్లేయర్నని చెప్పేవాడు. జిల్లా పోటీల్లో కూతకు వెళ్ళి, ఇద్దరు చీలమండ పట్టినా గీత వైపు ఎగిరాడు. మోకాల్లో టప్పుమన్న చప్పుడు గ్యాలరీలో ఉన్న వాడి భార్య నవనీతకు కూడా వినపడిందట. ఆపరేషన్ చేసి ఏడాది విశ్రాంతి ఇవ్వాలన్నారు డాక్టర్లు. రాష్ట్ర జట్టు ఎంపికలు ఏడు నెలల్లో ఉన్నాయి. వాడికి ఇరవై ఏడేళ్ళు. అదే ఆఖరి అవకాశమని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

నేను వెళ్ళి చక్రపాణి గారి ముందు నిలబడ్డాను.

“నీ తమ్ముణ్ణి వద్దమ్మా,” అన్నారాయన. “ఏదన్నా తేడా వస్తే నువ్వు తట్టుకోలేవు. రాకపోయినా, వాణ్ణి నువ్వు సరిగ్గా చూడలేవు.”

“నా చేతుల మీద పెరిగినవాడు సార్. వాడి మోకాలు నాకంటే ఎవరికి తెలుసు?”

“నేను చెప్తోంది కూడా అదేనమ్మా,” అన్నారు. నేను వినిపించుకోలేదు. వారం రోజులు ఆయన చెవిలో జోరీగలా పోరాను. ఆయన విసిగిపోయి సంతకం పెట్టారు.

సూది వేసేటప్పుడు తిరుమలేశ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. మీదికి ఏడుగురు ఎగబడ్డా బెదరనివాడికి సూదంటే చచ్చేంత భయం.

“అయిపోయిందిరా.”

“గింతేనా? దీనికా పదకొండేండ్లు పట్టింది నీకు?” అని నవ్వాడు.

నలభయ్యో రోజుకు లిగమెంటు కొత్తదానికంటే గట్టిగా ఉంది. స్కాను చూసి చక్రపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్క పరీక్ష మిగిలింది. దెబ్బ తగిలిన కాలి మీద, కళ్ళు మూసుకుని, ఏ ఆధారం లేకుండా ముప్పై లెక్కపెట్టేదాకా నిలబడాలి. పరీక్ష పెట్టేవాళ్ళు రోగికి బంధువులు కాకూడదని నియమం ఉంది. ఆ నియమం రాసిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ రోజు ఫిజియోథెరపిస్టు చెల్లెలి పెళ్ళికి వెళ్ళాడు. రెండు రోజులు ఆగితే వచ్చేవాడే. నేను ఆగలేదు.

“ముప్పయ్యేనా? వంద దాకా లెక్కపెట్టు అక్కా,” అన్నాడు తిరుమలేశ్.

వంద మా ఇంటి లెక్క. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, నాకు పదహారు. కూత పట్టేవాడు కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద వంద దాకా నిలబడగలగాలని బడిలో డ్రిల్లు సారు చెప్పాడట. రోజూ సాయంత్రం పెరట్లో బట్టలుతికే బండ ఎక్కేవాడు. బండ మీద నుంచి పడితే మూతి పగులుతుందని నా భయం. పట్టుకుంటే వాడికి పౌరుషం. అందుకని వెనక నిలబడి, వాడి రెండు రెక్కల మధ్య వీపు మీద చూపుడు వేలి కొసను ఆనించి ఉంచేదాన్ని. పట్టుకోవడం కాదు, ఉన్నానని తెలియడానికి.

“అక్కా, ఉన్నవా?” అనేవాడు కళ్ళు తెరవకుండా.

“ఉన్న. లెక్క మొదలువెట్టు.”

ప్రయోగశాలలో కూడా వంద దాకా నిలబడ్డాడు. కొంచెమైనా ఊగలేదు. కెమెరా ముందు నుంచి మోకాలిని తీసింది. నేను వాడి వెనక నిలబడి లెక్కపెట్టాను. కాగితం మీద ‘ఆధారం’ అన్న గడిలో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని చూసే ఆ తరువాత నలభై ముగ్గురు ఆటగాళ్ళకు అల్లిక ఇచ్చారు.

రెండు నెలలు మా ఇంట్లో పండగే. తిరుమలేశ్ మళ్ళీ సాధన మొదలుపెట్టాడు. వాళ్ళకు పాప పుట్టింది. మైత్రి అని పేరు పెట్టారు. వాడు రోజూ ఫోను చేసి పాప గురించి నాలుగు ముక్కలు, మోకాలి గురించి నలభై ముక్కలు చెప్పేవాడు.

ఒక ఆదివారం సాధన ఆట చూడ్డానికి వెళ్ళాను. వాడు కూతకు వెళ్ళి ఇద్దర్ని తాకాడు. ఎదుటివాళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి వచ్చి, గీత దాటానని కూత ఆపేశాడు. గీతకు ఇంకా జానెడు దూరంలో ఉన్నాడు. మీదపడి పట్టేశారు.

“దాటిన సార్! నా కాలు దాటింది!” అని అరిచాడు. రిఫరీ వేలితో కింద చూపించాడు. తిరుమలేశ్ తన పాదం వైపు చూసుకున్నాడు. ఎవరిదో చెప్పు తన కాలికి ఉన్నట్టు చూశాడు.

వెనక్కి చూడకుండా గీతను కాలితో కనుక్కోవడమే కూత పట్టేవాడి విద్య. పదిహేనేళ్ళలో వాడు ఒక్కసారి కూడా తప్పలేదు. నేనేమన్నానో తెలుసా? “ఎక్కువ ఉబలాటపడకురా” అన్నాను. శాస్త్రవేత్తనట నేను.

ఇంకో నెల గడిచాక ఒక మధ్యాహ్నం నవనీత ప్రయోగశాలకు ఫోను చేసింది. తిరుమలేశ్ స్నానాల గదిలో పడ్డాడు. నుదుటికి ఆరు కుట్లు.

“జారి పడ్డడని అందరికి చెప్తుండు. జారలేదు వదినె. ఇది మూడోసారి. మొకానికి సబ్బు రాసుకున్నప్పుడే పడుతుండు.”

సబ్బు రాసుకున్నప్పుడు మనిషి కళ్ళు మూసుకుంటాడు.

మర్నాడు పొద్దున్నే భువనగిరి వెళ్ళాను. వాడు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు వైపే చూస్తూ, చూపుతో దాన్ని నోటిదాకా నడిపిస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయి చూపు తిప్పాడు. టీ చొక్కా మీద ఒలికింది.

“ఎన్ని రోజులైందిరా ఇట్ల?”

“ఏం లేదక్కా. కాళ్ళు జర మొద్దుబారినట్టున్నయి.”

“లేసి నిలబడు. కళ్ళు మూస్కో.”

నిలబడ్డాడు. దెబ్బ తగలని కాలు ఎత్తాడు. నేను వెనక నిలబడి లెక్క మొదలుపెట్టాను. ముప్పై దాటింది, నలభై దాటింది. వాడు నిటారుగా ఉన్నాడు. నా గుండె కుదుటపడింది. గుమ్మంలో పాపనెత్తుకుని నిలబడ్డ నవనీతతో, “చూసినవా? మోకాలుకేం కాలే,” అన్నాను.

నవనీత మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“వదినె,” అంది మెల్లగా. “ఏలు తియ్యుండ్రి ఓసారి.”

ఏ వేలు అని అడగబోయాను. అప్పుడు చూసుకున్నాను. నా చూపుడు వేలు వాడి వీపు మీద ఉంది. ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు.

తీశాను.

తిరుమలేశ్ నిలుచున్నవాడు నిలుచున్నట్టే మంచం మీదికి కూలిపోయాడు. పడేవాడెవడైనా చేతులు ముందుకు చాస్తాడు. వాడు చాచలేదు. చేతులు ఎక్కడున్నాయో వాడికి తెలియలేదు.

హైదరాబాదు బస్సులో కూర్చుని నా వేలి వైపే చూసుకుంటూ వచ్చాను. ఒక వేలి కొస ఒంటికి ఆనితే చాలు, మనిషి ఎటు ఊగుతున్నాడో మెదడుకు కబురు అందుతుంది. ఇది నేను చదువుకున్న పాఠమే. కళ్ళు మూసుకున్న నా తమ్ముడికి కాలు చెప్పాల్సిన కబురు నా వేలు చెప్పింది. ప్రయోగశాలలో ఆ రోజూ వేలు పెట్టే ఉంటాను. పెట్టానని గుర్తు లేదు, పెట్టకుండా ఉండగలనని మాత్రం నేను అనుకోవడం లేదు.

చక్రపాణి గారూ నేనూ పాత మేకల నుంచి తీసి దాచిన లిగమెంటు ముక్కల్ని మళ్ళీ సూక్ష్మదర్శిని కింద పెట్టాం. మొదట్నుంచీ మేము పోగుల బలమే చూశాం. ఈసారి నరాల కోసం వెతికాం. లిగమెంటు ఎముకల్ని కట్టి ఉంచే తాడు మాత్రమే కాదు. అందులో సన్నటి నరాలుంటాయి. కాలు ఎంత వంగింది, బరువు ఎటు పడింది అని అవి క్షణక్షణం మెదడుకు చెబుతుంటాయి. కొత్త లిగమెంటులో బతికున్న నరం ఒక్కటీ లేదు. మా కణాలు పోగులు వేసుకుంటూ దారిలో ఉన్న నరాల్ని కప్పేశాయి.

“మోకాలు ఒక్కటే కదమ్మా పోవాలి? వాడికి చేతులు కూడా ఎందుకు పోయాయి?” అన్నారు చక్రపాణి గారు. అడిగి, ఆయనే కుర్చీలో కూలబడ్డారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కణాలు రక్తంలో కలిసి, తెగిన చోటల్లా వెతుక్కుంటూ పోయాయి. మా మేకలకు మేము కోసిన ఒక్క మోకాలు తప్ప ఒంట్లో ఇంకెక్కడా దెబ్బ లేదు. పదిహేనేళ్ళు కబడ్డీ ఆడినవాడి ఒంట్లో చీలమండ నుంచి వేలి కణుపు దాకా చిన్న చిన్న చిరుగులు లేని కీలు ఉండదు. అల్లిక ప్రతి చిరుగునూ బాగుచేసింది. బాగుచేసిన ప్రతిచోటా మాట పడిపోయింది.

ఆ సాయంత్రం నలభై ముగ్గురి ఫోను నంబర్లు ముందు పెట్టుకున్నాను. మొదటిది జెసింత. హాకీ గోల్‌కీపరు.

“మొహం కడుక్కునేటప్పుడు ఎట్లుంటుందమ్మా?” అని అడిగాను.

అవతల ఏడుపు వినపడింది. “గోడ పట్టుకుని కడుక్కుంటున్నా మేడం. మీకెట్ల తెలుసు? నేను మా అమ్మకు కూడా చెప్పలే. ఆట మాన్పిస్తరని.”

అందరూ దాదాపు ఇదే చెప్పారు. ఆటగాళ్ళు నొప్పినే దాచుకుంటారు. నొప్పి లేని దాన్ని దాచుకోవడం వాళ్ళకో లెక్కా?

విరుగుడు తయారు చేయడానికి మూడు వారాలు పట్టింది. అల్లికను విప్పే మందు అది. సూది వేసి పది వారాలు దాటనివాళ్ళకు కప్పబడిపోయిన నరాలు ఇంకా బతికే ఉంటాయి. వాళ్ళకు మోకాలు మళ్ళీ తెగుతుంది, కానీ ఒళ్ళు తిరిగి వస్తుంది. పది వారాలు దాటినవాళ్ళకు నరాలు చచ్చిపోయి ఉంటాయి. వాళ్ళకు విప్పితే కీళ్ళు ఊడతాయి తప్ప ఏమీ తిరిగి రాదు. నలభై ముగ్గురిలో ముప్పై ఒక్కరికి ఇంకా గడువుంది. కొందరికి నాలుగు రోజులే ఉంది.

తిరుమలేశ్‌కు సూది వేసి అప్పటికి ఆరు నెలలు.

మందు తయారు చేసే కంపెనీవాళ్ళు ఒప్పుకోనిదే విరుగుడు వేయడానికి లేదు, వాళ్ళేమో మా మాట నమ్మలేదు. పై సోమవారం నుంచి ఇంకో రెండు వందల మందికి ఇవ్వడానికి అంతా సిద్ధం చేసుకున్నారు. స్నానాల గదిలో జారిపడటం రుజువు కాదన్నారు. మొదటి రోగి కళ్ళు మూసుకుని వంద దాకా నిలబడ్డాడని నా సంతకమే చూపించారు. ఒకవేళ బలహీనత ఉన్నా అది ఆట పోతుందేమోనన్న బెంగ వల్లేనన్నారు.

“మళ్ళీ పరీక్ష పెట్టాలమ్మా,” అన్నారు చక్రపాణి గారు. “వాళ్ళందరి ముందు, అదే మనిషికి, అదే చేత్తో. నువ్వే పెట్టాలి. తమ్ముణ్ణి ఎలా అడుగుతావో నాకు తెలియదు.”

నాకూ తెలియదు. భువనగిరి వెళ్ళి వాడి ముందు కూర్చున్నాను. వాడు పాపను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. రెండు కళ్ళూ తన చేతుల మీదే ఉంచాడు. అంతా చెప్పాను. వేలి సంగతి కూడా చెప్పాను.

“మరి నాకు?” అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను. వాడు చేతుల మీద నుంచి చూపు తిప్పలేదు కాబట్టి చూడలేదు. నోటితో చెప్పాల్సి వచ్చింది. “నీకు గడువు దాటిందిరా.”

“నవనీతా, పాపను తీస్కో,” అన్నాడు. ఆమె తీసుకున్నాక అప్పుడు కళ్ళు ఎత్తాడు.

“ముద్దు పెట్టేటప్పుడు కండ్లు మూస్తుంటి అక్కా. ఇప్పుడు మూయను. మూస్తే పాప నా చేతులల్ల ఉన్నదో లేదో తెల్వది. కండ్లు తెరిచి ముద్దు పెడుతుంటే అది జడుసుకుంటుంది.”

నేను ఏడ్చాను. ఏడ్చే హక్కు లేదని తెలిసీ వాడి ముందే ఏడ్చాను. “నేను ఏలు పెట్టకుంటే ఆనాడే తెలుస్తుండె. అప్పుడైతే విప్పొస్తుండె. నేనే చేసిన్రా ఇదంతా.”

“నాకు తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“నీ ఏలున్నదని. ఆనాడు పరీక్షల. నువ్వు ఏలు పెట్టంగనే తెలిసింది. అది తీస్తే పడతనని గూడ అనిపించింది.” చూపు మళ్ళీ తన చేతుల మీదికి దించాడు. “తియ్యమనలే అక్కా. తియ్యమంటే సెలెక్షన్ పోతదని. ఆడంగ ఆడంగ అదే వస్తదిలే అనుకున్న. నీ ఒక్కదాని మీద ఏసుకోకు.”

నవనీత పాపను గట్టిగా హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెనక ఆమె ఏడవడం ఇద్దరం విన్నాం.

“పడుడే గదా?” అన్నాడు తిరుమలేశ్ చివరికి. “పడ్తా పా. ఎప్పుడు?”

శుక్రవారం ఉదయం పదకొండింటికి పరీక్ష పెట్టాం. గది నిండా పరుపులు పరిచాం. కంపెనీవాళ్ళు అయిదుగురు వరసగా కూర్చున్నారు. ఈసారి కెమెరాలు మూడు, ఒకటి నా వెనక. గోడలు తాకకుండా వాణ్ణి గది మధ్యలో నిలబెట్టాం. శబ్దం వల్ల కూడా మనిషికి దిక్కు తెలుస్తుంది. అందుకని లెక్క తప్ప పరీక్ష పెట్టేవాళ్ళు ఇంకో మాట మాట్లాడకూడదని కొత్త నియమం పెట్టాం. దాన్ని రాసింది కూడా నేనే.

వాడు ఆట బనీను వేసుకుని వచ్చాడు. వెనక అంకె ఏడు. గదిలోకి అడుగుపెట్టే ముందు చేతిని చూసుకుంటూ వంగి, నేలను తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు ఎప్పుడూ చేసే పనే అది. చెయ్యి కళ్ళ దాకా రాకుండా చెంపకు తగిలింది.

నేను వెనక నిలబడ్డాను. రెండు చేతులూ నా వీపు వెనక కట్టుకున్నాను. ఎడమచేత్తో కుడిచేతి చూపుడు వేలును బిగించి పట్టుకున్నాను.

వాడు కాలు ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు.

“అక్కా, ఉన్నవా?”

మాట్లాడకూడదు. నా ఎదురుగా వాడి వీపు, అంకె ఏడు, దాని పైన నేను ఇరవై ఏళ్ళుగా వేలు ఆనించిన చోటు ఉన్నాయి. జానెడు దూరం.

“ఒకటి,” అన్నాను.

భుజాలు వణికాయి.

“రెండు.”

వీపు వెనక్కి వాలింది. నా వేలి కోసమే వాలింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

“మూడు. నాలుగు.”

పడ్డాడు. వెనక ఏదీ తగలక ముందుకు తూలి, చేతులు చాచకుండా మొహం మీదే పడ్డాడు. కంపెనీవాళ్ళలో ఒకాయన “అయ్యో” అంటూ కుర్చీలోంచి లేచాడు. నుదుటి మీద పాత గాయం మళ్ళీ చిట్లి పరుపు మీద రక్తం పడింది. నేను పరిగెత్తి వాడి తల ఒళ్ళోకి తీసుకున్నాను. వాడు కళ్ళు తెరిచి, ముందు కుడిచేయి ఎక్కడుందో చూసుకున్నాడు, తరువాత ఎడమచేయి.

“ఎంత దాంక వచ్చింది?”

“నాలుగు.”

“రాస్కో అక్కా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ముప్పై ఒక్కరికీ కబురు వెళ్ళింది. జెసింతకు రెండు రోజుల గడువు మిగిలి ఉండగా విరుగుడు పడింది. రెండు వందల సూదులూ ఆగిపోయాయి.

నేను కొత్త కాగితం నింపాను. తరువాత పాత కాగితం తీశాను. ‘ఆధారం’ అన్న గడిలో ‘లేదు’ అన్న మాటను కొట్టేసి, పక్కన ‘అక్క వేలు’ అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను.